గుండీలాటలో మా బావ పెట్టిన రూల్స్

దుకాణంలో గిరాకి తగ్గాక మాకు పెరిగింది ఒక్కటే, రూల్స్.

మా బావ, అంటే మా అక్క భర్త, కటింగ్ మాస్టరు. నేను కుట్టేవాణ్ణి. కాశిబుగ్గలో పెద్ద రోడ్డు నుంచి సందులోకి తిరిగితే మూడో షట్టరు మాది. ఇరవై ఏళ్ళ పైనుంచి ఆయన కోస్తాడు, నేను కుడతాను. ఒకప్పుడు పండుగల ముందు అన్నం తినడానికి కూడా తీరేది కాదు. ఇప్పుడు అందరూ ఫోన్లో చొక్కాలు తెప్పించుకుంటున్నారు. అవి పొడవైతే మా దగ్గరికి తెచ్చి చేతులు మడిచి కుట్టమంటున్నారు. ఎవరో కుట్టిన చొక్కాకు చేతులు మడవడం కంటే విసుగు పని ఈ భూమ్మీద ఇంకొకటి లేదు. మధ్యాహ్నం రెండు దాటాక అది కూడా ఉండదు. అప్పుడు కటింగ్ బల్ల మీద మేం ఫుట్‌బాల్ ఆడేవాళ్ళం.

నవ్వకండి. గుండీలతో ఆడేవాళ్ళం. మీసాలు నెరిసిన ఇద్దరు మగాళ్ళు బల్లకు అటొకరు ఇటొకరు వంగి, ఊపిరి బిగబట్టి, ఒక కోటు గుండీని గోటితో కొడుతుంటే చూసేవాళ్ళకు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు. అయినా రోజంతా మెషీన్ తొక్కినవాడికి అదొక్కటే ఊరట. నడుము నొప్పి కాసేపు గుర్తుండదు.

బావ చిన్నప్పుడు సికింద్రాబాదులో ఒక టైలరు షాపులో పని నేర్చుకున్నాడు. అక్కడి పనివాళ్ళు అన్నాలు తిన్నాక ఈ ఆట ఆడేవాళ్ళట. దీనికి ఆట గుడ్డ ఒకటి కావాలి. మాది ఏదో బడి బ్లేజర్లకు తెచ్చినదాంట్లో మిగిలిన ఆకుపచ్చ ముక్క. దాని మీద సుద్దతో మైదానం గీతలు. చెరి ఆరు కోటు గుండీలు, ఆయనవి నల్లవి, నావి గోధుమ రంగువి. బంతి అంటే చొక్కా కాలరుకు పెట్టే చిన్న తెల్ల గుండీ. రెండు దారపు రీళ్ళు నిలబెడితే గోలు. వాటి మధ్య కాపలాకు అంగుస్తాన, అదే, సూది గుచ్చుకోకుండా వేలికి తొడుక్కునే ఇత్తడి టోపీ.

ఆటంతా పాస్ ఇవ్వడంలోనే ఉంది. ఒక్కో దుకాణానిది ఒక్కో తీరు అని చెప్పేవాడు బావ. సికింద్రాబాదు వాళ్ళది నొక్కుడు పాస్. ఒక పెద్ద గుండీ అంచుతో మన గుండీ అంచును నొక్కితే, అది చటుక్కున జారి ముందుకు పోయి బంతిని తాకుతుంది. బావకు అది నచ్చేది కాదు. "గదేం ఆటర, పేనును నొక్కినట్టు" అనేవాడు. మా దగ్గర చెల్లేది చిటికె పాస్ ఒక్కటే. బొటనవేలికి చూపుడువేలు బిగించి, గోటితో గుండీకి ఒక్క దెబ్బ. మనిషి చెయ్యి వణక్కుండా ఎంత నికరంగా ఉందో ఆ దెబ్బలో తెలిసిపోతుంది.

మూడో రకం మా అక్కది. ఒకరోజు అన్నం గిన్నె తెచ్చిన అక్క, నేను చేతులు కడుక్కోవడానికి పోతే నా చోట నిలబడింది. గుండీ మీద వేలు పెట్టి, ఆ వేలు లేపకుండానే బంతిని తోసుకుంటూ తోసుకుంటూ తీసుకుపోయి గోల్లో పెట్టింది.

"గిదేంది? గిది తోపుడు. గిది చెల్లది" అన్నాడు బావ.

"లోపటికి పోయిందా, లేదా?" అంది అక్క.

"పోతే? వేలు లేవాలె. వేలు లేవకపోతే గది పాస్ కాదు, పట్టుకపోయి పెట్టుడు."

పాత క్యాలెండరు అట్ట వెనక మా రూల్స్ రాసి గోడకు తగిలించి ఉండేవి. ఆ రోజు అన్నిటికంటే పైన రాశాడు బావ: తోపుడు తొండి. అక్క ఆ అట్ట చూసినప్పుడల్లా మూతి తిప్పుకునేది.

మిగతా పాత రూల్స్ కొన్నే. పాస్ కొట్టాక బంతి ఎవరి గుండీకి దగ్గరగా ఆగితే తరువాతి దెబ్బ వాళ్ళది. తేడా వస్తే టేపుతో కొలవాలి. టైలర్లం కదా, టేపు ఎప్పుడూ మెడలోనే ఉంటుంది. నూలుపోగంత తేడాకు అరగంట అరుచుకున్న రోజులున్నాయి. ఇంకొకటి గిరాకి రూల్. ఆట మధ్యలో మనిషి వస్తే, ఏ గుండీ ఎక్కడుందో దాని చుట్టూ సుద్దతో సున్నా గీసి, గుండీలు డబ్బాలో వేసి, ఆట గుడ్డను చుట్టి బల్ల కింద పెట్టాలి. మనిషి పోయాక గుడ్డ పరిచి, ఎవరి సున్నాల్లో వాళ్ళ గుండీలు పెట్టుకొని మళ్ళీ మొదలు. ఎంత తొందరైనా సరే, గుడ్డ చుట్టకుండా దాని మీద పని గుడ్డ పరవొద్దు. ఈ రూల్ రాసింది కూడా బావే.

కొత్త రూల్స్ రెండేళ్ళ కింద మొదలయ్యాయి.

ముందు బంతి మారింది. "గా చిన్న గుండీతోని ఆడి ఆడి యాష్టకొచ్చింది" అని, బ్లేజరుకు పెట్టే ఇత్తడి గుండీ ఒకటి బయటికి తీశాడు. తెల్ల గుండీకి మూడింతలుంది. రీలుకు తగిలితే టింగుమంటుంది. పసిపిల్ల కొట్టినా తగిలేటట్టుంది. నా గోరు సన్న బంతికి అలవాటు పడింది కదా, నాకు ఒళ్ళు మండింది. సరే, పెద్దవాడు, పోనీ అనుకున్నాను.

తరువాత చెప్పుడు రూల్ వచ్చింది. పాస్ కొట్టేముందు పైకి చెప్పాలట, ఏ గుండీ నుంచి ఏ గుండీకి, ఎటువైపు అని.

"ఎందుకు బావ? నీకు కనవడ్తలేదా?" అన్నాను వెటకారంగా. ఆ మాట అన్నది నేనే. ఇప్పుడు తలుచుకుంటే నా నోటి మీద నాకే కొట్టుకోవాలనిపిస్తుంది.

"కనవడక కాదుర. మాట మీద నిలబడి ఆడాలె. సికింద్రాబాద్‌ల అసలు గట్లనే ఆడేటోళ్ళు."

సికింద్రాబాదులో ఎట్లా ఆడారో చూసి వచ్చినవాడు ఆయనొక్కడే. ఆయన ఏం చెబితే అది సికింద్రాబాదు.

ఆ తరువాత మైదానం పక్క గీతలు లోపలికి జరిగాయి. ముందు అటు రెండు వేళ్ళు, ఇటు రెండు వేళ్ళు. ఆర్నెల్లకు మళ్ళీ రెండు వేళ్ళు. ఆట జోరుగా ఉంటుందన్నాడు. నా ఆటంతా పక్కల నుంచే. అంచు పట్టుకొని బంతిని తీసుకుపోయి, మూల నుంచి నడిమికి ఒక్క చిటికె ఇచ్చేవాణ్ణి. గీతలు అట్లా దగ్గరికి రావడంతో నా ఆట సగం చచ్చిపోయింది. కావాలనే చేస్తున్నాడు, నా పాస్ ఆపలేక మైదానాన్నే కోసేస్తున్నాడు అనుకున్నాను.

చివరికి చిటికె పాస్ కూడా తీసేశాడు. ఇక నొక్కుడే అన్నాడు.

"పేనును నొక్కినట్టు అన్నది నువ్వే కద బావ?"

"అన్న. ఇప్పుడు నొక్కుడే అంటాన."

"తొండి ఆడుతానవ్. గెలుస్తలేవని రూల్స్ మారుస్తానవ్. సాతగాకుంటే ఆడుడు బంద్ చెయ్యి, గని గీ తొండి నాతోని కాదు."

మామూలుగా అయితే నా ఏడు తరాలనూ బజారుకు ఈడ్చేవాడు. ఆ రోజు మాత్రం అట్ట తీసి, పెన్సిలుతో రాసి, తగిలించి, వచ్చి కూర్చున్నాడు. అక్షరాలు ఎప్పటికంటే పెద్దగా ఉన్నాయి. నన్ను దెప్పడానికే అంత పెద్దగా రాశాడనుకొని నాలుగు రోజులు ఆయనతో ఆడలేదు.

ఆ రెండేళ్ళలో తొండి అనే మాట ఎన్నిసార్లు అన్నానో లెక్కలేదు. ఎడమచేతి పక్కన పెట్టిన చాయ్ గ్లాసు ఆయన మోచేయి తగిలి పడిపోయేది. షట్టరు పక్క ఇనుప కడ్డీకి భుజం కొట్టుకునేవాడు. "చూసుకోని నడువరాదు బావ" అని విసుక్కునేవాణ్ణి. నాకూ ఓపిక లేదు. పొద్దటి నుంచి పొద్దుగూకేదాకా మెషీన్ మీద వంగి, లేచి నిలబడితే నడుము రాదు. ఎదుటి మనిషికి ఏమైందో చూసే తీరిక అలసిపోయినవాడికి ఉండదు. ఇది సాకు కాదు, జరిగింది చెప్తున్నాను.

అప్పుడు సేటు వచ్చాడు. కేసముద్రం మార్కెట్లో ధాన్యం వ్యాపారం ఆయనది. ఇప్పటికీ గుడ్డ తెచ్చి కుట్టించుకునే కొద్దిమందిలో ఒకడు. ఏటా సఫారీ సూటు, అదీ మా బావ కోస్తేనే. ముదురు నీలం గుడ్డ, చేతిలో పట్టుకుంటే జారిపోతోంది. ఆట మధ్యలో వచ్చాడు. కొలతలు ఇచ్చి, చాయ్ తాగి, రైలుకు టైమైందని పోయాడు.

చాలా రోజులకు మంచి గుడ్డ దొరికిందన్న సంబరం బావది. గుండీల చుట్టూ సున్నాలు గీసి, డబ్బాలో వేసి, ఆట గుడ్డ చుట్టకుండానే దాని మీద సేటు గుడ్డ పరిచేశాడు. నేను మెషీన్ మీద ఒక ప్యాంటుకు జిప్ వేస్తున్నాను. చూశాను. ఏమీ అనలేదు. రూల్స్ ఆయనవే కదా, ఆయనే తప్పనీ అనుకున్నాను.

బావ కత్తెర గురించి చెప్పాలి. పన్నెండంగుళాల కత్తెర, ఆయన గురువు చేతిది. ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా నేను దాంతో గుడ్డ కోయలేదు. అది టైలర్ల పద్ధతి, మాస్టరు కత్తెర ఇంకొకడు పట్టడు. దసరాకు నా మెషీన్‌కు నేను బొట్టు పెట్టుకుంటే, కత్తెరకు ఆయనే పెట్టుకునేవాడు. అక్కను కూడా ముట్టనిచ్చేవాడు కాదు. ఆ కత్తెర బల్ల మీద నడుస్తుంటే వచ్చే చప్పుడు వింటూనే నేను సగం జీవితం కుట్టాను.

కోసిన ముక్కలు కట్టగట్టి నాకిచ్చాడు. భుజాలు కలుపుదామని కూర్చుంటే ముందు భాగం మూడు వేళ్ళు తక్కువొచ్చింది.

"బావ, గిది తక్కువొచ్చింది."

"నీ తలకాయ. గీత మీదనే కోసిన."

కింద పడేసిన ముక్క ఏరుకొచ్చి, కోసిన భాగం పక్కన పెట్టాను. ఆ పడేసిన ముక్క మీద ఆయన గీసిన అసలు గీత ఉంది, తెల్లగా, గట్టిగా. కోసిన అంచున మాత్రం మసకమసకగా ఇంకో గీత, పిండి రాలినట్టు. ఆట గుడ్డ మీది పక్క గీత. కింది నుంచి సుద్ద సేటు గుడ్డకు అంటుకుంది. బావ గుడ్డను తిరగేసినప్పుడు ఆ మసక గీతనే తన గీత అనుకొని, దాని వెంబడే కోసుకుంటూ పోయాడు. సేటు పొట్ట పక్క గీత దాటి అవుట్ అయిపోయింది. ఇంకో రోజైతే ఆ మాటకు ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం.

"గిది నీ గీత. గిది ఆట గీత. సూడు" అన్నాను.

బావ వంగాడు. కోడి గింజను చూసినట్టు తల పక్కకు తిప్పి చూశాడు. "ఏదీ, నా గీత?"

"గిదో, నా వేలు పక్కకు."

"ఏదిర?"

తెల్ల గీత అది, నీలం గుడ్డ మీద. గుమ్మం దగ్గర నిలబడినా నాకు కనిపిస్తుంది. ఆయన వేళ్ళు గుడ్డ మీద తడుముకుంటూ వచ్చి, సుద్ద గరుకు తగిలాక ఆగాయి. అప్పుడు అన్నాడు, "ఆఁ, గిదా."

ఇత్తడి బంతి పెద్దది, మెరుస్తుంది, మోగుతుంది. పాస్ ఎటువైపో పైకి చెప్పాలి. పక్కల ఆడొద్దు, గీత లోపలికి రావాలి. చిటికె కొట్టాలంటే గుండీ కనపడాలి, నొక్కాలంటే వేలికి తగిలితే చాలు. రెండేళ్ళుగా ఆ మనిషి ఒక్కొక్క రూల్ పెట్టుకుంటూ చూపు పోతున్న కొద్దీ మైదానాన్ని తనవరకు తెచ్చుకున్నాడు. నేనేమో ఎదురుగా నిలబడి తొండి, తొండి అని అరిచాను.

"ఎన్ని దినాల సంది బావ?"

"ఏంది ఎన్ని దినాలు? లైటు మంచిగలేదు. గా ట్యూబు మార్పియ్యి" అన్నాడు.

మరునాడు నేనే కేసముద్రం పోయాను. సేటు కాటా దగ్గర నిలబడి ఉన్నాడు. గుడ్డ పాడైందని చెప్పాను, కొత్తదానికి డబ్బులిస్తామన్నాను. అరిచాడు, అరవాల్సిందే. తరువాత మెత్తబడి, "మాస్టరుకు ఏమన్న పానం బాగలేదా?" అన్నాడు. నేను తల దించుకున్నాను. "ఇగమీద నువ్వే కొయ్యరాదు? నువ్వు కోస్త అంటేనే మల్ల గుడ్డ ఇస్త" అన్నాడు. తిరుగు రైల్లో నిలబడే వచ్చాను. ఆ మాట బావకు ఎట్లా చెప్పాలో తెలియలేదు. చెప్పలేదు కూడా.

కళ్ళ సంగతి అక్కకు చెప్పాను. ఆమె ఏడ్చి, తిట్టి, చివరికి ఒప్పిస్తే బావను కంటి దవాఖానకు తీసుకుపోయాను. సుబేదారి పక్కన ఒక ప్రైవేటు దవాఖాన. అక్కడ ఒక పెట్టెలో తల పెట్టించి చేతికొక మీట ఇచ్చారు. లోపల అక్కడా ఇక్కడా చిన్న లైటు వెలుగుతుంది, కనిపించినప్పుడల్లా మీట నొక్కాలి. బావ టకటకా నొక్కుతున్నాడు. పరీక్ష చేసే అమ్మాయి కంప్యూటర్ చూసి, "అంకుల్, లైటు రాకముందే నొక్కుతున్నరు. మళ్ళ చేద్దాం" అంది. రెండోసారి కూడా అంతే. మిషన్‌తో కూడా తొండి ఆడుతున్నాడు మా బావ. నాకు నవ్వొచ్చింది, ఆ వెంటనే ముఖం గోడవైపు తిప్పుకున్నాను.

మూడోసారి చేసిన కాగితం డాక్టరు చూపించాడు. నడిమిలో కొంచెం తెల్లగా, చుట్టూ నల్లగా ఉంది. "పక్క చూపు పోయింది. కంటి నరం దెబ్బతింది. పోయింది తిరిగి రాదు. ఉన్నదాన్ని చుక్కల మందుతో కాపాడుకోవాలి, ఒక్కపూట కూడా మానొద్దు. ఓ రెండేళ్ళ ముందు వచ్చుంటే చాలా మిగిలేది" అన్నాడు. రెండేళ్ళు. ఇత్తడి గుండీ వచ్చిన రోజు. నేను ఆ గది నుంచి బయటికొచ్చి, వరండాలో బల్ల మీద కూర్చొని, చాలాసేపు లేవలేదు.

డాక్టరు బండి నడపొద్దన్నాడు, రోడ్డు మీద జాగ్రత్త అన్నాడు. కత్తెర గురించి ఒక్క మాట అనలేదు. బావ దాన్నే పట్టుకున్నాడు.

"నడిమి చూపు ఉన్నది కద. గుడ్డ నడిమిట్లనే ఉంటది. ఫికర్ చెయ్యకు."

మళ్ళీ కోయడం మొదలుపెట్టాడు. వారం రోజుల్లో నాలుగు చొక్కాలు కోస్తే, రెండింటికి చేతులు సమంగా రాలేదు. ఆయన చాయ్‌కి బయటికి పోయినప్పుడు నేను నా చిన్న కత్తెరతో దొంగలా సరిచేసేవాణ్ణి. ఒకదానికి గుడ్డ చాలక, అటువంటిదే గుడ్డ కోసం బజారంతా తిరిగాను. నా పని నాకు తప్పదు, ఆయన పని దాచి చేయడం ఇంకొకటి. పైగా ముఖం మీద నవ్వొకటి పెట్టుకొని ఉండాలి. తల ప్రాణం తోకకొచ్చింది.

"నువ్వే చెప్పు తమ్ముడు. ఆయన నా మాట వినడు" అంది అక్క.

"నాతోని కాదక్క. కత్తెర పెట్టెయ్ అని ఆ మనిషికి నేనెట్ల చెప్పాలె?"

చెప్పాల్సిన పని లేకపోయింది. మందు చుక్కలు వేసుకొని కళ్ళు మూసుకొని కూర్చున్నవాడు, ఒక మధ్యాహ్నం అట్లాగే అన్నాడు.

"నా చొక్కాలు నువ్వు మల్ల కోస్తానవ్ కద?"

మెషీన్ ఆపాను. అబద్ధం ఆడటానికి కూడా ఓపిక లేదు. "కోస్తాన బావ."

చుక్కల సీసాకు మూత పెట్టాడు. తరువాత లేచి, గోడ మీది అట్ట తీసి, నా ముందు పెట్టాడు. "కొత్త రూల్స్ అన్ని కొట్టెయ్. ఒక్క ఆట. పాత తీర్గ. చిన్న బంతి, చిటికె పాస్, గీతలు పాత కాడనే. ఒక్కటే గోల్. నేను కొడితే కత్తెర నా తాననే ఉంటది. నువ్వు కొడితే నీది. మల్ల గా ముచ్చట ఎవ్వలం ఎత్తొద్దు."

"గిదేం పందెం బావ?"

"గా డాక్టర్ చెప్తే ఇయ్య. మీ అక్క చెప్తే ఇయ్య. ఓడితే ఇస్త."

ఆట గుడ్డ పరిచాను. లోపలి గీతలు దులిపి, నాలుగు వేళ్ళు బయటికి జరిపి పాత గీతలు గీశాను. బల్ల మీద సేటు పంపిన కొత్త గుడ్డ ఒక పక్కన పొద్దటి నుంచి పడి ఉంది. దాని మీద కత్తెర. నేను గెలవాలి. గెలవకపోతే ఆ గుడ్డ కూడా పోతుంది, ఆ తరువాత సేటూ పోతాడు, దుకాణమూ పోతుంది. గెలిస్తే ఈ మనిషి చేతిలోంచి కత్తెర పోతుంది. ఏది జరిగినా నాకు అన్నం సయించదని తెలుసు.

మొదటి చిటికె ఆయనదే. నేను బిత్తరపోయాను. ఆ గోటిలో నికరం పోలేదు. గుండీని వేలితో ఒకసారి తాకి చూసుకొని, కొట్టాడంతే. బంతి పోయి తన గుండీ పక్కనే ఆగింది. రెండో పాస్‌కు తేడా వచ్చింది. టేపు నేనే పట్టాను. టేపు అంకెలు ఆయనకు కనిపించవు. "నీదే" అన్నాను. నిజంగానే ఆయనదే, ఒక నూలుపోగు దగ్గర. మూడో దెబ్బ సూటిగా గోలు మీదికి పోయి, నా అంగుస్తానకు తగిలి, పక్కకు చెదిరి ఎడమ అంచుకు పోయింది. బావ తల ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. బంతి ఎటు పోయిందో కనిపించలేదు. అడగలేదు.

బంతి నా గుండీ పక్కన ఉంది. "ఎడమ మూల నుంచి నడిమికి" అన్నాను అలవాటు కొద్దీ.

"చెప్పకు. గా రూల్ తీసేసినం. మూసుకొని ఆడు."

నడిమికి ఇచ్చాను. బంతి ఆయన గోలు ముందే ఆగింది, నా గుండీకి ఆనుకొని. ఆయన అంగుస్తాన కుడివైపు జరిగి ఉంది. ఎడమ రీలు ఆయన చూపులో లేదు, అందుకే ఆ సగం కాపలా లేకుండా వదిలేశాడు. అక్కడి నుంచి నేను ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా తప్పలేదు. ఆ రోజు తప్పాను. గుండీ బంతికి ఒక పక్కన తగిలింది. బంతి పోయి ఎడమ రీలుకు టక్కుమని కొట్టుకొని, చుట్టు తిరిగి, రీలుకు ఆనుకొని ఆగింది. బయటివైపు.

గోల్ కాలేదు. బంతి ఆయన గుండీకే దగ్గర. తరువాతి దెబ్బ ఆయనది.

బావ గోలువైపే చూస్తున్నాడు. బంతి ఉన్నవైపు కాదు. "చప్పుడైంది. గోలేనా?" అన్నాడు.

రెండేళ్ళు నేను ఆ మనిషిని తొండి అన్నాను. ఇప్పుడు ఆయన నా మాట కోసం చూస్తున్నాడు. కాలేదు అంటే ఆట సాగుతుంది. ఆ గోటికి ఇంకో రెండు దెబ్బలు చాలు. కత్తెర ఆయన దగ్గరే ఉండిపోతుంది. నేను ఆయన వెనక దొంగలా కోస్తూనే ఉండాలి. నేను అలసిపోయాను.

"గోల్, బావ" అన్నాను.

ఆయన చెయ్యి చాపాడు. వేళ్ళు గుడ్డ మీద నడుచుకుంటూ ఎడమ రీలు దాకా వచ్చాయి, రీలు చుట్టూ తిరిగి బయటివైపుకు పోయాయి. అక్కడ బంతి తగిలింది. చూపుడువేలు బంతి మీద, బొటనవేలు రీలు మీద ఉన్నాయి. రీలుకు ఏ పక్కన ఉందో తెలుసుకోవడానికి ఆ చేతికి కళ్ళు అక్కర్లేదు.

బావ చూపుడువేలు బంతి మీద నుంచి లేవలేదు. మెల్లగా, వేలు లేపకుండానే, మా అక్క తోసినట్టు, బంతిని రీలు ముందు నుంచి లోపలికి తోశాడు.

"గోలే" అన్నాడు.

తరువాత పక్కకు తడుముకొని కత్తెర తీసి, పిడి నావైపు తిప్పి పెట్టాడు. నేను దాన్ని పట్టుకోలేక, సేటు గుడ్డ అందుకొని బల్ల మీద పరవబోయాను. ఆయన నా చెయ్యి పట్టి ఆపాడు.

"ఫస్టు ఆట గుడ్డ చుట్టు. దాని మీద కొయ్యకు."